అర మిల్లీగ్రాము ఇనుము: గానుగ షాఫ్టు డైరీ

జనవరి 21, ఆదివారం

సంక్రాంతి పోయి వారం కాలేదు, చిన్నాయన గానుగ షాఫ్టు విరిగింది. రాత్రి ఫోన్ చేసి "అబ్బోడా, పై రోలరు కూర్చుండిపాయ" అన్నాడు. పొద్దున్నే రేణిగుంటలో బస్సెక్కి, చిత్తూరులో దిగి, కాణిపాకం రోడ్డు పట్టుకుని ఊరు చేరేసరికి తొమ్మిదయింది. పెనం కింద పొయ్యి ఆరిపోయి ఉంది. కోసిపెట్టిన చెరుకు రెండు ట్రాక్టర్లు అప్పటికే పక్కూరి గానుగకు తోలేశారు. కోసిన చెరుకు నిలవుంటే రసంలో చక్కెర విరిగిపోతుంది, పాకం గట్టిపడదు, బెల్లం అచ్చు నిలబడదు. చిన్నాయన ముఖం చూస్తే షాఫ్టు కన్నా ఆ చెరుకు గురించే దిగులు ఎక్కువగా ఉన్నట్టుంది.

విరిగిన రెండు ముక్కల్నీ డీజిల్‌తో కడిగి ఎండలో పెట్టాను. పక్కనున్నాయన వైరు బ్రష్షు తెచ్చిస్తే వద్దన్నాను. విరిగిన ముఖాన్ని గీకితే సాక్ష్యం చెరిపేసినట్టే. షాఫ్టు 75 మిల్లీమీటర్ల లావు. ముఖంలో ముప్పాతిక వంతు నున్నగా ఉంది, దాని మీద గవ్వ పెంకు మీద ఉన్నట్టు వంపు గీతలు. మిగిలిన పాతిక వంతు గరుగ్గా, పటికబెల్లం విరిచినట్టు తళుకులీనుతోంది. ఆ నున్నటి భాగమంతా నెలల తరబడి కొద్దికొద్దిగా చీలింది. ఆ గరుకు భాగం మాత్రం నిన్న రాత్రి ఒక్క క్షణంలో తెగింది.

వంపు గీతల్ని వెనక్కి అనుసరిస్తూ పోతే అన్నీ ఒకే అంచుకు చేరాయి. రోలరు పక్కన, గన్‌మెటల్ బుష్షు (షాఫ్టు తిరిగే కంచు తొడుగు) మొదలయ్యే చోట, షాఫ్టు లావు మారే మూలలో ఒక నల్లటి చుక్క. గుండుసూది పెడితే దిగింది. లోతు ఒక మిల్లీమీటరు ఉంటుందేమో.

"ఇంత లావు షాఫ్టును ఈ సూది బెజ్జం విరిచిందా? నన్ను ఎర్రోణ్ణి చెయ్యాకు" అన్నాడు చిన్నాయన.

అన్నది న్యాయమే. 75 మిల్లీమీటర్ల ఇనుములో ఒక మిల్లీమీటరు పోతే పోయిన బలం లెక్కకు కూడా రాదు. ఆయనకు నమ్మకం కుదిరేలా చూపించాలని ఈ డైరీ మొదలుపెట్టాను. నిజానికి అవసరం ఇంకొకటి ఉంది. కింది రెండు రోలర్ల షాఫ్టుల మీద కూడా ఇలాంటి చుక్కలున్నాయి. వాటిని అలాగే నడపాలా, లేత్ మీద పై పొర కోత పెట్టించాలా, పారేయాలా?

జనవరి 22, సోమవారం

సెలవు పెట్టాను. కొత్త షాఫ్టుకు ఈఎన్ 8 అనే మధ్యరకం కార్బన్ ఉక్కు కడ్డీ కొని లేత్ మేస్త్రీకి ఇచ్చి వచ్చాం. పాత దానిలో లావు మారే మూల దాదాపు లంబకోణంగా, ఒక మిల్లీమీటరు రేడియస్ కూడా లేకుండా ఉంది. కొత్త దానికి 5 మిల్లీమీటర్లు గుండ్రంగా పెట్టమన్నాను. "బుష్షు అంచు తగుల్తుంది సార్" అన్నాడు మేస్త్రీ. బుష్షు అంచును అంతే చెక్కమన్నాను. అది ఆయనకు ఇష్టం లేని పని, రెండు సార్లు చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రం గానుగ దగ్గర కూర్చుని ఆ గుంట ఎలా పుట్టిందో వెతికాను. రోలరు చెంపకూ బుష్షుకూ మధ్య వేలెడు సందు ఉంది. రోజంతా రసం కారి అందులో పిప్పి ఇరుక్కుంటుంది. రాత్రి గానుగ ఆపాక ఆ తడి పిప్పి షాఫ్టును కరుచుకుని అలాగే ఉంటుంది. తాజా చెరుకు రసం పీహెచ్ 5 నుంచి 5.5 దాకా, అంటే కొంచెం పుల్లనిదే. తెల్లవారేసరికి పులిసి ఇంకా పుల్లబడుతుంది. పిప్పి కింద గాలి ఆడదు, పక్కన ఆడుతుంది. ఇనుముకు ఇలాంటి తేడా చాలు: గాలి అందని చోటు కరుగుతుంది, గాలి అందే చోటు దాని ఖర్చు మీద బతుకుతుంది. గానుగ కడిగేది బోరు నీళ్లతో. మా బోరు నీళ్లు కుండలో నిలవుంటే అంచున తెల్లగా ఉప్పు కడతాయి. ఆ ఉప్పులోని క్లోరైడు గుంటలోకి చేరి, కరిగిన ఇనుముతో కలిసి, నీళ్లతో చర్య జరిపి ఆమ్లం పుట్టిస్తుంది. ఆ ఆమ్లం ఇంకొంచెం ఇనుము కరిగిస్తుంది. మీద తుప్పు పొర మూతలా కడుతుంది కాబట్టి లోపలి ఆమ్లం బయటకు కొట్టుకుపోదు. ఒకసారి మొదలైతే గుంట తన తిండి తానే వండుకుంటుంది. పై నుంచి చూస్తే మాత్రం ఎర్రటి మచ్చ ఒకటే కనిపిస్తుంది.

చిన్నాయనకు ఇంకో సంగతి చెప్పబోతే ఆయనే నాకు చెప్పాడు. పిల్లలకు చెరుకు విరిచి ఇవ్వాలంటే ముందు కొడవలితో చిన్న గాటు పెట్టి మోకాలికేసి విరుస్తాడు. గాటు లేకుండా విరిస్తే మోకాలు నొప్పి, చెరుకు పీచులు పీచులుగా చీలుతుంది. "గాటు దగ్గిర బలం అంతా కూడుకుంటాది గదా" అన్నాడు. అంతే సంగతి.

దీని లెక్క 1898లో కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు కట్టాడు: లాగిన రేకు మధ్యలో గుండ్రటి బెజ్జం ఉంటే బెజ్జం అంచున ప్రతిబలం, అంటే ఒక్కో చదరపు మిల్లీమీటరు మోసే బలం, మూడింతలవుతుంది. ఇందులో విచిత్రం ఏమిటంటే రేకు వెడల్పుతో పోలిస్తే బెజ్జం చిన్నదైనంత వరకు అది ఎంత చిన్నదైనా మూడింతలే. 1913లో ఇంగ్లిస్ దీర్ఘవృత్తం ఆకారపు బెజ్జానికి సూత్రం ఇచ్చాడు: ఒకటికి, లోతును (బెజ్జానికైతే లాగుడుకు అడ్డంగా ఉన్న సగం పొడవును) సగం వెడల్పుతో భాగించి రెండింతలు చేసి కలపాలి. లోతు సగం వెడల్పుకు సమానమైతే మూడు, మూడింతలైతే ఏడు. అంటే లెక్కలోకి వచ్చేది ఆకారం, మొన ఎంత సూదిగా ఉందన్నది. అర్ధగోళంలా ఉన్న ఉపరితలపు గుంటకు ఇది రెండింతల పైచిలుకు. మా గుంట అచ్చంగా మూలలోనే పడింది, కాబట్టి మూల పెంపు ఒకటి, దాని మీద గుంట పెంపు ఇంకొకటి.

జనవరి 28, ఆదివారం

కొత్త పై షాఫ్టు ఎక్కింది, గానుగ నడుస్తోంది. కింది రెండూ పాతవే. చిన్నాయనను రోజూ ఒకసారి చేత్తో తడిమి చూడమన్నాను. అది ధైర్యం కోసమే, చేతికి చీలిక తగలదు.

ఇవాళ పరీక్ష మిషను కట్టాను. 1842లో వెర్సాయ్ నుంచి పారిస్‌కు వస్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి యాభై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత జర్మనీలో వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఇరుసులను తిప్పుతూ, వంచుతూ ఏళ్ల తరబడి పరీక్షించాడు. తిరుగుతున్న కడ్డీకి చివర బరువు వేలాడదీస్తే దాని చర్మం మీద ప్రతి బిందువూ ఒక్కో చుట్టులో ఒకసారి సాగి ఒకసారి నొక్కుకుంటుంది. గానుగ రోలరుకూ అంతే. నిమిషానికి 10 చుట్లు, రోజుకు 10 గంటలు, అంటే రోజుకు 6,000 సార్లు. సీజనుకు 125 రోజులేసుకుంటే ఏడున్నర లక్షలు. విరిగిన షాఫ్టు తొమ్మిది సీజన్లు నడిచింది. 67 లక్షల సార్లు అటూ ఇటూ వంగి అలసిపోయింది.

నా దగ్గరున్నది పాత గ్రైండరు మోటారు, అర హెచ్‌పీ. దానికి డ్రిల్లు చక్కు, చక్కులో కడ్డీ, కడ్డీ చివర చిన్న బేరింగు, బేరింగుకు కొక్కెం, కొక్కేనికి కూరగాయల కాంటా రాళ్లు. కొక్కెం, బేరింగు బరువు కలిపి సరిగ్గా 4 కిలోలు వచ్చేలా ఇసుక సంచితో సరిచేశాను. కడ్డీ 8 మిల్లీమీటర్ల బ్రైట్ బారు, మామూలు మైల్డ్ స్టీలు. మధ్యలో మెడ 6 మిల్లీమీటర్లకు తిప్పించాను. మెడ నుంచి బరువు దాకా 100 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే మెడ దగ్గర ప్రతిబలం 185 మెగాపాస్కల్ (చదరపు మిల్లీమీటరుకు 185 న్యూటన్లు) వస్తుంది. కడ్డీ విరిగి బరువు పడితే కింద లిమిట్ స్విచ్ మోటారును ఆపేస్తుంది. జనరేటర్లకు పెట్టే, నడిచిన గంటలు లెక్కపెట్టే అవర్ మీటరు ఒకటి కలిపాను, కరెంటు పోయినప్పుడు అదీ ఆగుతుంది.

మోటారు పలక మీద 1440 అని ఉంది. అది పూర్తి లోడు మీద తిరిగే వేగం. నా 4 కిలోలకు అది లోడే కాదు. అడిగి తెచ్చుకున్న టాకోమీటరు నిమిషానికి 1485 చుట్లు చూపించింది. గంటకు 89,100 చుట్లు.

స్విచ్ వేయగానే బరువు గంగమ్మ జాతర వేషంలా ఎగిరింది. చక్కు వంకర. స్విచ్ ఆపేశాను.

ఫిబ్రవరి 4, ఆదివారం

చక్కు తీసేసి, కడ్డీని చుట్టూ సమంగా పట్టుకునే కోలెట్ పెట్టాక ఎగురుడు తగ్గింది. మొదటి నున్నటి కడ్డీ 9 గంటలకే, 8 లక్షల చుట్లకు విరిగింది. ఆశ్చర్యపోయి భూతద్దంలో చూస్తే లేత్ టూలు గీత ఒకటి మెడ చుట్టూ ఉంది, సరిగ్గా అక్కడే తెగింది. గీత లోతు గోటికి కూడా తగలదు. లోహం దృష్టిలో గీతకూ గుంటకూ పెద్ద తేడా లేదన్నమాట. మిగతా కడ్డీలన్నీ 400, 800, 1200 నంబరు ఉప్పు కాగితంతో నిలువుగా, కడ్డీ పొడవునా రుద్దాను. అడ్డంగా రుద్దితే మళ్లీ అడ్డగీతలే మిగులుతాయి. చేతి వేళ్లు నల్లబడ్డాయి.

తర్వాత గుంటలు. తుప్పు పట్టే వరకు నెలలు ఆగలేను కాబట్టి కరెంటుతో చేశాను. కడ్డీ మెడకు నా భార్య గోళ్ల రంగు పూసి, ఆరాక సూదితో ఒక్క పొడుపు. ఉప్పు నీళ్లలో ముంచి కడ్డీకి పాజిటివ్, ఇంకో ఇనుప ముక్కకు నెగటివ్. పొడిచిన చోట మాత్రమే ఇనుము కరుగుతుంది. గాలి ఆడే చోట చేయాలి. స్టెయిన్‌లెస్ స్టీలుతో ఈ పని అసలు చేయకూడదు, దానిలోని క్రోమియం విషపదార్థంగా నీళ్లలో కలుస్తుంది.

12 వోల్టుల బ్యాటరీ నేరుగా తగిలిస్తే రెండు నిమిషాల్లో రంగు పొర లేచిపోయి కింద వెడల్పాటి పళ్లెం లాంటి గుంట పడింది. పనికిరాదు. మధ్యలో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టరు పెడితే కరెంటు 2.3 మిల్లీఆంపియర్లకు దిగింది. నాకు కావలసింది 0.3 మిల్లీమీటర్ల లోతున్న అర్ధగోళం. దాని ఘనపరిమాణం 0.057 ఘన మిల్లీమీటర్లు, బరువు 0.45 మిల్లీగ్రాములు. ఒక ఆంపియరు ఒక గంట పారితే గ్రాము పైచిలుకు ఇనుము కరుగుతుందని ఫారడే లెక్క. ఆ ప్రకారం 11 నిమిషాలు. గడియారం చూసి ఆపాను. డెప్త్ గేజికి సూది కట్టి కొలిస్తే 0.28 వచ్చింది. ఇంటి పనికి ఇది చాలు.

కడ్డీని చిత్తూరు బజారులో తెలిసిన బంగారం కొట్టుకు తీసుకెళ్లి గుంటకు ముందూ తర్వాతా తూచాను. ఆయన కాంటా మిల్లీగ్రాము దాకా చూపిస్తుంది. 58 గ్రాముల కడ్డీ. ముందూ తర్వాతా ఒకే అంకె. "ఏం పోయిందని తూస్తున్నారు సార్?" అని అడిగాడు. అర మిల్లీగ్రాము అంటే నవ్వాడు, తరుగు కింద అంతకు వంద రెట్లు పోతుందట.

ఫిబ్రవరి 11, ఆదివారం

గుంట ఉన్న మొదటి కడ్డీ 4 గంటల 20 నిమిషాలకు టప్పుమంది. 3.86 లక్షల చుట్లు. ముక్క తీసి చూస్తే గుంట దగ్గర నుంచి విసనకర్రలా నున్నటి భాగం, ఎదురు అంచున చిన్న గరుకు ముక్క. గానుగ షాఫ్టు బొమ్మ గీసినట్టే ఉంది, కాకపోతే చిటికెన వేలు సైజులో. రెండోది 6 గంటల 5 నిమిషాలు, మూడోది 3 గంటల 10 నిమిషాలు. అంటే 2.8 లక్షల నుంచి 5.4 లక్షల దాకా. అలసటలో ఈ మాత్రం చెదురు మామూలే, ఒక్క కడ్డీతో తీర్పు చెప్పకూడదు.

చిన్నాయన వచ్చి చూశాడు. నాలుగోది, గుంట ఉన్నదే, వైసులో బిగించి పైపు తగిలించి ఆయన చేతికిచ్చాను. "విరువు చూద్దాం." లాగాడు. కడ్డీ వంగింది, ఇంకా వంగింది, లంబకోణం దాటింది. గుంట నోరు కోలగా సాగింది. విరగలేదు.

"మరి అదెట్లా విరిగె?"

ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రతిబలం రెండు మూడింతలయింది కదా, బలం సగమో మూడో వంతో అయిపోయిందనుకుంటారు. మెత్తని ఉక్కును ఒక్కసారి లాగితే గుంట అంచు కొంచెం సాగి భారాన్ని పక్కవాళ్లకు పంచేస్తుంది. గాజు అయితే అలా సాగలేదు, గాటు దగ్గరే పటుక్కుమంటుంది. మెత్తని ఉక్కుకు కష్టం వచ్చేది లక్షల సార్లు అటూ ఇటూ వంచినప్పుడు. ప్రతిసారీ గుంట అడుగున అదే చోట కాస్త సాగుతుంది, కాస్త నొక్కుకుంటుంది, చివరికి అక్కడ వెంట్రుక కన్నా సన్నటి చీలిక పుడుతుంది. ఆ చీలిక మొనకు రేడియస్ అంటూ ఉండదు. అక్కడి నుంచి గుంటతో పని లేదు, చీలిక తన దారిన తాను పోతుంది.

ఆయన వంగిన కడ్డీని తిరగేసి చూస్తూ "అంటే పోట్లాటలో సచ్చేటోడు గాదు, రోజూ సతాయిస్తే సచ్చేటోడు" అన్నాడు.

ఫిబ్రవరి 18, ఆదివారం

బాగా రుద్దిన నున్నటి కడ్డీ గురువారం నుంచి తిరుగుతూనే ఉంది. ఇవాళ మధ్యాహ్నానికి 72 గంటలు, 64 లక్షలు. విరగలేదు, ఆపేశాను. ఇంట్లో ఆ గుంయ్‌మనే శబ్దానికి ఎవరికీ నిద్ర లేదు. ఇంకో రోజు నడుపుదామని ఉన్నా ఇంట్లో పరువు దక్కేలా లేదు.

మోటారు తిరుగుతుంటే సిల్వర్ బ్రిడ్జి గురించి మళ్లీ చదువుకున్నాను. అమెరికాలో ఒహాయో నది మీద 1928లో కట్టిన వేలాడే వంతెన. తాళ్లకు బదులు చివర్లలో కళ్లు, అంటే పెద్ద బెజ్జాలు, ఉన్న ఉక్కు పట్టీలను పిన్నులతో గొలుసులా కలిపారు, గొలుసు ఒక్కో లంకెకు రెండే పట్టీలు. 1967 డిసెంబరు 15 సాయంత్రం వాహనాలు బారులు తీరి ఉండగా కూలి 46 మంది చనిపోయారు. తేలింది ఏమిటంటే ఒక పట్టీ కంటి లోపలి అంచున దాదాపు 2.5 మిల్లీమీటర్ల లోతు చీలిక, దాదాపు 40 ఏళ్ల పాటు తుప్పూ ప్రతిబలమూ కలిసి పెంచినది. పట్టీని ఊడదీస్తే తప్ప కంటికి కనబడని చోట ఉంది. నాకు మా బుష్షు గుర్తొచ్చింది. తొమ్మిది సీజన్లలో దాన్ని ఎవరూ ఊడదీయలేదు. గ్రీజు పెట్టాం, అంతే.

ఆ వంతెన ఉక్కు మామూలు మైల్డ్ స్టీలు కాదు, బలమైన రకం. లేత్ మేస్త్రీ కూడా మొన్న "ఈఎన్ 24 వేస్తే జన్మకు విరగదు సార్" అన్నాడు. అది ఈఎన్ 8 కన్నా బలమైన మిశ్రమ ఉక్కు. ఉక్కు ఎంత గట్టిదైతే గాటు అంత ఎక్కువగా బాధిస్తుంది, ఎందుకంటే సాగి సర్దుకునే గుణం తక్కువ. ఇంకా, తడిలో నడిచినప్పుడు గట్టి ఉక్కు, మెత్తని ఉక్కు అలసట బలం దాదాపు ఒక చోటికే దిగుతాయని 1920లలోనే మెక్‌ఆడమ్ పరీక్షలు చేసి చూపాడు. పొడిగా ఉంచగలిగితే ఈఎన్ 24 గొప్పదే. పొడిగా ఉంచగలిగితే ఈఎన్ 8 కూడా చాలు.

దాన్నీ చూద్దామని రెండో నున్నటి కడ్డీ మెడ మీద సెలైన్ బాటిల్ గొట్టంతో పులిసిన చెరుకు రసం చుక్కచుక్కగా వేస్తున్నాను. కింద తట్ట పెట్టాను. గంటకే చీమలు.

ఫిబ్రవరి 20, మంగళవారం

ఇంటి నుంచి ఫోను. రసం కడ్డీ 36 గంటలకు విరిగిందట, 32 లక్షలు. గుంట నేను పెట్టలేదు, రసమే పెట్టుకుంది. పొడిగా 64 లక్షలు తిరిగి కూడా చెక్కుచెదరని కడ్డీకి ఇది అన్నదమ్ముడు, ఒకే బారు నుంచి కోసినది. చీమల్ని, కందిరీగల్ని తోలలేక అమ్మ విసిగిపోయింది. ఈ పరీక్ష మళ్లీ ఇంట్లో చేయను.

ఫిబ్రవరి 25, ఆదివారం

అసలు ప్రశ్నకు వచ్చాను: గుంట పడిన షాఫ్టుకు కోత పెడితే మేలా, కీడా? మేస్త్రీ వాదన, ఇనుము తీస్తే బలం తగ్గుతుంది, వదిలేయండి అని.

రెండు కడ్డీలకు అదే 0.3 గుంట పెట్టాను. ఒకదానికి చేతి రాయితో గుంట చుట్టూ మాత్రమే నెమ్మదిగా అరగదీసి, గుంట కనబడకుండా పోయే వరకు, వెడల్పాటి పల్లంలా చేసి రుద్దాను. ఆ కోతలో మెడ 5.7 కింద లెక్కేసుకుంటే ప్రతిబలం 185 నుంచి 216కు పెరిగింది. అయినా 60 లక్షలు దాటింది, విరగలేదు. ఇనుము ఇంకా ఎక్కువ తీసేస్తే ఆయుష్షు పదింతలకు పైగా పెరిగిందంటే చిన్నాయన నమ్మలేదు, మీటరు చూపించాల్సి వచ్చింది.

రెండో దాన్ని లేత్ మీద చుట్టూతా 0.3 తీయించాను. మెడ 5.4 అయింది. ప్రతిబలం 254. ఇది 21 గంటల 10 నిమిషాలకు, 18.9 లక్షలకు విరిగింది. గుంటతో ఉన్నదాని కన్నా ఎంతో మేలు, కానీ చావు తప్పలేదు.

దీన్ని నేరుగా గానుగకు అన్వయిస్తే తప్పు. 6 మిల్లీమీటర్ల కడ్డీలో 0.3 అంటే పెద్ద ముక్క. 75 మిల్లీమీటర్ల షాఫ్టులో 0.8 చొప్పున చుట్టూ తీస్తే 73.4 మిగులుతుంది, ప్రతిబలం ఏడు శాతం కూడా పెరగదు. లావు షాఫ్టు కోతను సులభంగా భరిస్తుంది, గుంటను భరించలేదు.

మార్చి 8, శివరాత్రి

గానుగకు సెలవు. కింది రోలర్లు రెండూ ఊడదీశాం. బుష్షులు ఊడి రావడానికే మధ్యాహ్నమయింది.

మొదటి షాఫ్టు: తుప్పు తుడిచి కొలిస్తే అంతటా సగటున పోయింది 0.1 మిల్లీమీటరు, అత్యంత లోతైన గుంట 0.6. ఆరు రెట్లు. తుప్పు సమంగా తింటే ఈ షాఫ్టు మా మనవలు కూడా వాడుకునేవాళ్లు.

రెండోది చూడగానే ఏదో తేడా అనిపించింది. బుష్షు చోట మెరుపు వేరుగా ఉంది. అడిగితే చిన్నాయన నసిగాడు. పోయిన ఏడాది ఒక వర్కుషాపులో గుంటలకు వెల్డింగు నింపి సాన పట్టించాడట. "కొత్తదాని మాదిరి చేసిచ్చినారు" అన్నాడు. ఎర్ర రంగు పరీక్ష చేశాం. పెట్రోలుతో కడిగి ఆరబెట్టి, ఎర్ర రంగు స్ప్రే కొట్టి, పావుగంట ఆగి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన తెల్ల పొడి స్ప్రే. చీలిక ఉంటే అందులో దూరిన రంగును ఆ పొడి పైకి లాగుతుంది. అందరం మోకాళ్ల మీద కూర్చుని చూశాం. ఒకటి రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత వెల్డింగు అంచు వెంబడి తెలుపు మీద కుంకుమ గీత ఒకటి మెల్లగా ఉబ్బుతూ పైకి వచ్చింది. రెండంగుళాల పొడవు. వేడి చేసి వెంటనే చల్లారనిచ్చిన చోట ఉక్కు గట్టిపడి పెళుసవుతుంది, చల్లారుతూ లోపల లాగుడు మిగిలిపోతుంది. గుంటను పూడ్చబోయి చీలికను నాటారు.

చిన్నాయన ఆ గీతను వేలితో తుడిచాడు. మళ్లీ వచ్చింది. ఇంకోసారి తుడిచాడు. "తీసేయండి దీన్ని" అని లేచి వెళ్లి చాలాసేపు పెనం దగ్గర నిలబడ్డాడు.

మార్చి 17, ఆదివారం

గుంటల షాఫ్టుకు 0.8 కోత పెట్టించాను. కోత తర్వాత రంగు పరీక్ష మళ్లీ చేశాం. ఒక్క చుక్క మిగిలింది, దాన్ని చేతి రాయితో పల్లంగా దిద్దాను. మూల 5 రేడియస్. పొడవునా ఉప్పు కాగితం పట్టాను. దీనికి కొత్త బుష్షు, కొలతకు బోర్ చేయించి. వెల్డింగు దాని స్థానంలో కొత్త ఈఎన్ 8 షాఫ్టు.

రోలరు చెంపకూ బుష్షుకూ మధ్య ఉన్న సందే అసలు దొంగ. అక్కడ షాఫ్టు మీద రేకు చక్రం ఒకటి బిగించాం, టోపీ అంచులాగా. కారే రసం దాని అంచు దాకా పోయి కింద పడుతుంది, బుష్షు వైపు పాకదు. బుష్షు గ్రీజు రసంలో పడకుండా కూడా అదే కాస్తుంది. చక్రం నేను అనుకున్నంత సమంగా లేదు, ఒక పక్క కొంచెం రాసుకుంటోంది. వచ్చే వారం తీసి దిద్దాలి.

మార్చి 31, ఆదివారం

చక్రం దిద్దాను, రాపిడి లేదు. రెండు వారాలు నడిచాక ఒక బుష్షు మూత తీసి చూశాం. షాఫ్టు పొడిగా, గ్రీజు తెల్లటి నురగ లేకుండా ఉంది. పిప్పి ఒక్క పీచు కూడా చేరలేదు.

రాత్రి గానుగ ఆపాక సందులన్నీ మంచినీళ్లతో కడిగి గుడ్డతో తుడవమని పనివాళ్లకు చెప్పాం. బోరు నీళ్లు కాదు, ట్యాంకరు నీళ్లు. పనివాళ్లు మొదట్లో గొణిగారు. ఇప్పుడు చిన్నాయనే తుడుస్తున్నాడు. పంచె కొంగుతో తుడుస్తున్నాడని పిన్నమ్మ కోపం.

విరిగిన ఆరు కడ్డీల్ని దారానికి గుచ్చి గానుగ పందిరి గుంజకు వేలాడదీశాడాయన. బెల్లం కొనడానికి వచ్చిన మండీవాళ్లకు చూపిస్తున్నాడట. వంగి విరగనిది విడిగా జేబులో పెట్టుకున్నాడు. నేను బస్సుకు బయలుదేరుతుంటే వెనక నుంచి కేకేశాడు: "ఉగాది అయినాక బోరు మోటారు తీయాల. ఆ పైపుల మరల కాడ గూడా నల్లచుక్కలు ఉండాయేమో, నీ ఎర్ర రంగు డబ్బా తెచ్చుకో."